అంగడికెక్కిన ఆప్తవాక్యం

ఇటీవలి సంవత్సరాలలో నా వైద్యశాలకు వచ్చే రోగులలో పలువురు పాత చీటీలతోపాటు చేతిసంచిలో ఒకటి రెండు సీసాలు కూడ తెస్తున్నారు. నాడి చూపించుకొని, మందు రాయించుకొని, లేవబోయే ముందు ఆ సీసాను బల్లమీద పెట్టి, "అయ్యా, ఇది కూడ వాడవచ్చునా? మా బావమరిది ఇచ్చాడు" అని అడుగుతారు. సీసాలో ఏమున్నదో వారికి తెలియదు. తయారుచేసిన వారెవరో తెలియదు. వెల తెలుసు, ఇచ్చిన మనిషి తెలుసు. "మా బావమరిది ఇచ్చాడు", "మా వియ్యపురాలు వాడుతున్నది", "మా ఆఫీసులో అందరూ తాగుతున్నారు" అన్న మాటలే ఆ సీసాకు పూచీకత్తు. ఆ పూచీకత్తు ఎంతవరకు నిలుస్తుందో ఆయుర్వేద దృష్టితో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నెట్‌వర్క్ మార్కెటింగ్ అనే ఈ విక్రయ పద్ధతిని మన పత్రికలు గొలుసుకట్టు వ్యాపారమని రాస్తూ ఉంటాయి. ఇందులో సరుకు ప్రధానంగా మనిషి నుండి మనిషికి చేరుతుంది. కొన్నవాడే అమ్మకందారు కావచ్చు. తాను అమ్మినదానిపై లాభమే కాక, తాను చేర్చినవారు అమ్మినదానిపై కూడ అతనికి కమీషన్ వస్తుంది. వస్తువును నేరుగా ఇంటికి తెచ్చి అమ్మడం నేరం కాదు. ఈ పద్ధతిలో అమ్ముడయ్యే సబ్బులు, పొడులు, లేహ్యాలు అన్నీ చెడ్డవని చెప్పడం కూడ నా అభిమతం కాదు. ఔషధం పేరిట ఒక వస్తువు మన ఇంటికి వచ్చినప్పుడు, దాని గుణం చెప్పే సాక్షి ఎవరు, ఆ సాక్ష్యం వల్ల అతనికి ఒరిగేదేమిటి అన్నదే నేను అడుగుతున్న ప్రశ్న.

మూడు కోరికలు

చరకసంహిత సూత్రస్థానంలో పదకొండవది తిస్రైషణీయాధ్యాయం. మానవునికి సహజమైన మూడు ఏషణలను, అనగా కోరికలను, ఆచార్యుడు అక్కడ వివరిస్తాడు. మొదటిది ప్రాణైషణ, రెండవది ధనైషణ, మూడవది పరలోకైషణ. ధనకాంక్షను చరకుడు నిందించలేదు. కృషి, పశుపాలనం, వాణిజ్యం మొదలైన వృత్తులతో ధనం సంపాదించుకోవలసినదేనని చెప్పాడు. అయితే ప్రాణానికి ప్రథమస్థానం ఇచ్చాడు, ప్రాణం పోయిన పిమ్మట మిగిలినవన్నీ పోయినట్లే కనుక.

ఈ వ్యాపారంలో మొదటి రెండు ఏషణలను ఒకే సీసాలో కలుపుతారు. ఆరోగ్యం కొరకు కొనండి, ఆదాయం కొరకు అమ్మండి అంటారు. వినడానికి ఇది రెండు విధాల మేలుగానే తోస్తుంది. కాని నెలాఖరులోగా ఇరవై సీసాలు చెల్లించవలసిన మనిషి "నా మోకాళ్ళ నొప్పి పూర్తిగా పోయింది" అన్నప్పుడు, ఆ మాటలో ప్రాణైషణ పాలెంత, ధనైషణ పాలెంత అన్నది వినేవాడు విడదీయలేడు. చెప్పేవాడికే అది స్పష్టంగా తెలియకపోవచ్చు. అతడు అబద్ధమాడుతున్నాడని నేననను. ఆశ కలిగినవాని కంటికి చిన్న ఉపశమనం కూడ పెద్దదిగా కనిపిస్తుంది.

ఆప్తుడు ఎవరు?

అదే అధ్యాయంలో సత్యాన్ని తెలుసుకొనే సాధనాలు నాలుగు చెప్పబడ్డాయి. అవి ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి. వీటిలో మొదటిదైన ఆప్తోపదేశం చాల జాగ్రత్తగా అర్థం చేసుకోవలసినది. శాస్త్రం దృష్టిలో ఆప్తుడంటే రజస్తమో దోషాలు తొలగినవాడు, జ్ఞానానికి అడ్డులేనివాడు, తన లాభనష్టాలకు లోబడి మాట మార్చనివాడు. అటువంటివాని వచనాన్ని సంశయం లేకుండ స్వీకరించవచ్చునని శాస్త్రం అనుమతిస్తుంది.

మన తెలుగు వాడుకలో ఈ పదానికి వేరొక అర్థం స్థిరపడింది. ఆప్తుడంటే దగ్గరివాడు, అయినవాడు. పెండ్లి శుభలేఖల మీద బంధుమిత్రుల పక్కన నిలిచేవాడు ఈ ఆప్తుడే. ఈ రెండు అర్థాల నడుమ ఉన్న ఎడంలోనే గొలుసుకట్టు వ్యాపారం వర్ధిల్లుతున్నది. మనకు అయినవాడు కనుక అతని మాట నమ్మదగినదని మనం అనుకుంటాం. మేనల్లునికి మన మీద ప్రేమ ఉన్నది, నిజమే. ఆ ప్రేమ వల్ల అతనికి ద్రవ్యగుణశాస్త్రం రాదు. పైగా ఈ వ్యాపారంలో చేరిన కొత్తలో చేయించే పనులలో ఒకటి బంధుమిత్రుల పేర్లన్నీ ఒక కాగితంమీద రాయించడం. ఆ కాగితంమీద ఉన్నది మన వంశవృక్షమే. అక్కడ దానికి ఖాతాదారుల జాబితా అని పేరు.

మా గురువుగారి ఇంట నేను విద్య నేర్చుకొన్న రోజులలో ఒక అలవాటు గమనించాను. రోగి వచ్చి "తమరి మందు అమృతంలా పనిచేసింది" అని నమస్కరిస్తే ఆయన ముఖంలో సంతోషం కంటె ముందు ప్రశ్నలు కనబడేవి. ఎన్ని దినాలు సేవించావు? పథ్యం ఎట్లా చేశావు? మధ్యలో మరెవరి మందైనా తిన్నావా? ఋతువు మారిన తరువాత తగ్గిందా, మారక మునుపే తగ్గిందా? ఇవన్నీ విన్న తరువాత గాని ఆ యోగం పనిచేసినదని మాతో అనేవారు కాదు. "జలుబు మందుతోనూ పోతుంది, మందు లేకుండానూ పోతుంది. తేడా తెలియకపోతే మనం వైద్యులం కాము" అని మందలించేవారు. తన మందును పొగిడే సాక్షిని కూడ తరచి అడగడమే ఆయనకు కీర్తి తెచ్చింది.

అరువు తెచ్చుకొన్న కీర్తి

లోకంలో వైద్యులు మూడు విధాలని కూడ చరకుడు ఈ అధ్యాయంలోనే చెప్పాడు. వేషం మాత్రమే ధరించిన ఛద్మచరులు ఒకరు. గుణవంతులైన వైద్య లక్షణాలు కలిగి ప్రాణాలు నిలిపేవారు ఒకరు. ఈ ఇరువురి నడుమ సిద్ధసాధితులని మరొకరున్నారు. వీరికి స్వయంగా విద్య లేదు. సంపద, యశస్సు, జ్ఞానం ఉన్న పెద్దల పేరు చెప్పుకొని, వారితో సంబంధం చూపుకొని, వారి ప్రతిష్ఠను తమదిగా చలామణీ చేసుకొంటారు. ఇంతకాలం క్రితం రాసిన ఈ లక్షణం నేటి హోటలు హాళ్ళలో జరిగే సమావేశాలకు ఎంత చక్కగా సరిపోతున్నదో చూడండి. వేదికపై తెల్లకోటు ధరించిన వ్యక్తి, తెరపై విదేశీ పరిశోధనాగారం బొమ్మ, దాని పక్కన ఖరీదైన కారుతో నిలబడిన దంపతుల ఛాయాచిత్రం. కారు కొన్నందువల్ల కషాయానికి గుణం ఎట్లా వచ్చిందని ఆ సభలో ఎవరూ అడగరు.

కొంతకాలం క్రితం అటువంటి ఒక నిర్వాహకుడు నా వద్దకు వచ్చాడు. మర్యాదస్తుడు. "గురువుగారూ, మీరు తిరగనక్కరలేదు, మాట్లాడనక్కరలేదు. మీ బల్లమీద మా సీసా నాలుగు ఉంటే చాలు. ఈ ఊళ్ళో మీ మాట మీద జనానికి ఉన్న గురి మాకెక్కడిది?" అన్నాడు. ఆ మాటలో ఆయన దాపరికం లేకుండ వ్యాపారసూత్రం చెప్పాడు. ఆయనకు కావలసినది నా వైద్యం కాదు, నలభై ఏండ్లుగా రోగులు నాయందు ఉంచిన విశ్వాసం. అది నాది కాదు, రోగులది. నావద్ద దాచుకొన్నారంతే. ఇతరుల సొమ్మును అమ్ముకొనే అధికారం నాకు లేదని చెప్పి పంపించాను.

ఈ కథ పాతదే

ఈ వ్యాపార పద్ధతి పుట్టుకే ఆహార పూరకాల అమ్మకంతో ముడిపడి ఉన్నది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1930ల నుండి అమ్ముడైన న్యూట్రిలైట్ అనే విటమిను పూరకానికి 1945లో పలు అంచెల కమీషన్ పథకం ఏర్పడింది. ఆ సరుకు అనేక వ్యాధులకు పనిచేస్తుందని అమ్మకందారులు పంచిన పుస్తకంపై ప్రభుత్వం చర్య తీసుకోగా, 1951లో న్యాయస్థానం అటువంటి ప్రచారాన్ని నిషేధించింది. ఆ పూరకం అమ్మిన ఇద్దరు మిత్రులే 1959లో ఆమ్వే సంస్థను స్థాపించారు. 1979లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థ పద్ధతి పిరమిడ్ మోసం కాదని తేల్చింది. అయితే ధరల నిర్ణయంలోను, ఆదాయం గురించి చెప్పిన అతిశయోక్తులలోను తప్పు పట్టింది.

మన దేశంలో 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం ఉన్నది. 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్వే పథకం ఈ చట్టం పరిధిలోకి వస్తుందని అభిప్రాయపడి, సంస్థ వేసిన పిటిషన్‌ను కొట్టివేసింది. 2022 ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ అదే సంస్థకు చెందిన 757 కోట్ల రూపాయల పైచిలుకు ఆస్తులను జప్తు చేస్తూ, సభ్యుల చేర్పు ద్వారా మోసం జరుగుతున్నదని, ధరలు అధికమని ఆరోపించింది. దానిని ఆరోపణగానే గ్రహించాలి. 2021 డిసెంబరులో కేంద్రప్రభుత్వం ప్రత్యక్ష విక్రయ నియమాలను ప్రకటించింది. వాటి ప్రకారం పిరమిడ్ పథకాలు నిషిద్ధం. అమ్మకందారు గుర్తింపుకార్డు లేకుండ, ముందుగా అనుమతి పొందకుండ ఇంటికి రాకూడదు. ధర, వాపసు నిబంధనలు స్పష్టంగా తెలియజేయాలి.

చేర్పులపై ఆధారపడే ఆదాయం ఎంతదూరం పోగలదో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒకడు ఆరుగురిని, ఆ ఆరుగురు తలా ఆరుగురిని చేర్చుతూ పోతే, అయిదవ అంచెలో 7,776 మంది కావాలి. పదవ అంచెలో 6 కోట్ల 4 లక్షల మంది కావాలి. పదకొండవ అంచెకు 36 కోట్ల మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8 కోట్ల 46 లక్షలు. పన్నెండవ అంచెకు కావలసిన 217 కోట్ల మంది మన దేశంలోనే లేరు. చివరి అంచెలో నిలిచేవారే సంఖ్యలో అధికులు. వారికి కొత్తవారు దొరకరు. అప్పుడు మిగిలేవి అమ్ముడుపోని సీసాలు, వాటిని అంటగట్టిన బంధువు మీద మనస్తాపం.

ఒక రోగి వృత్తాంతం

ధననష్టం కంటె దేహనష్టం పెద్దది. ఉపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక వృద్ధురాలు పన్నెండేండ్లుగా మధుమేహానికి అల్లోపతి మాత్రలు వాడుతూ, జీర్ణశక్తి కొరకు నావద్దకు వచ్చేవారు. ఒకసారి ఆరునెలలపాటు రాలేదు. వచ్చినప్పుడు కుడికాలి బొటనవేలికి మానని పుండు, శరీరం శుష్కించి ఉన్నది. పరగడుపున చక్కెర మూడువందలు దాటింది. చెల్లెలి కూతురు ఇచ్చిన రసమేదో తాగుతున్నారట. అది తాగితే మాత్రలు అవసరం లేదన్నారట. నీరసం వచ్చిందని చెబితే, "లోపలి విషాలు బయటకు పోతున్నాయి, మంచిదే, మోతాదు పెంచండి" అని పైఅంచెలోని వారు సలహా ఇచ్చారట.

ఈ "విషాలు పోవడం" అనే మాటను మన శాస్త్రం నుండి దొంగిలించారు. వమన విరేచనాది శోధనకర్మలలో దోషాలు వెడలడం వాస్తవమే. కాని శోధనకు పూర్వమే వైద్యుడు రోగిబలాన్ని పరీక్షిస్తాడు. సమ్యగ్యోగ లక్షణాలేవి, అయోగ అతియోగ లక్షణాలేవి అని ముందుగా నిర్ణయించుకొంటాడు. ఎక్కడ ఆపాలో తెలియని శోధనం శాస్త్రంలో లేదు. బాగుపడితే సీసా మహిమ, బాగుపడకపోతే విషాలు పోతున్న గుర్తు అనే వాదానికి ఓటమి ఉండదు. ఓటమి లేని వాదాన్ని వైద్యం అనరాదు.

నన్ను మరింత బాధించిన విషయం వేరొకటున్నది. ఆమె ఈ సంగతి తన డాక్టరుకు గాని నాకు గాని ఆరునెలలపాటు చెప్పలేదు. "చెబితే మీరు వద్దంటారు. వద్దంటే పిల్ల మనసు కష్టపెట్టుకొంటుంది. దాని మాట కాదనలేక డబ్బు కూడ కట్టాను" అన్నారు. చికిత్సకు వైద్యుడు, ద్రవ్యం, పరిచారకుడు, రోగి అని నాలుగు పాదాలు చెప్పి, రోగికి ఉండవలసిన గుణాలలో తన స్థితిని దాచకుండ తెలుపగలగడం ఒకటని చరకుడు పేర్కొన్నాడు. బంధుప్రేమ ఆ గుణాన్నే హరించింది. శస్త్రవైద్యుల సహాయంతోను, మాత్రలు తిరిగి ప్రారంభించడంతోను ఆమె పాదం దక్కింది. చెల్లెలి కూతురు మాత్రం ఆ తరువాత ఆ గడప తొక్కలేదు. ఆ పిల్ల చెడ్డది కాదు. ఆమె కూడ నమ్మిన మనిషే.

సీసాను చదవండి

కనుక పాఠకులకు నా మొదటి సూచన, ఇచ్చినవారి ముఖం చూసిన తరువాత సీసా మీది అక్షరాలు కూడ చూడండి.

ఆయుర్వేద ఔషధమైతే ఆ మాట, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ, ఘటకద్రవ్యాల పేర్లు, పరిమాణాలు ఉండాలి. లైసెన్సు సంఖ్యకు బదులు పద్నాలుగు అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. సంఖ్య ఉంటే అది చట్టరీత్యా ఆహారం, ఔషధం కాదు. హెల్త్ సప్లిమెంట్ అయితే "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్", అనగా ఔషధంగా వాడరాదు అని దానిమీద ముద్రించాలి. సీసా తానే మందును కాదని చెబుతుంటే, దానిని ఇచ్చినవారు మందని చెబుతున్నారన్నమాట.

ద్రవ్యం సహజమైనదైనంత మాత్రాన అందరికీ హితం కాదు. గొలుసుకట్టు వ్యాపారంలో బాగా ప్రచారం పొందిన నోని మన తొగరు చెట్టు జాతికి చెందినది. దాని రసంలో పొటాషియం దాదాపు నారింజరసంలో ఉన్నంత ఉంటుంది. ఆరోగ్యవంతునికి అది బాధ కాదు. మూత్రపిండాలు చెడినవారికి రక్తంలో పొటాషియం పెరిగి హృదయానికే ముప్పు తేవచ్చు. కలబంద ఆకు పైతొక్క కింద ఉండే పసుపుపచ్చని చేదు రసం విరేచనకారి. గర్భిణులు తీసుకోరాదు. తెలియని ఔషధాన్ని శాస్త్రం విషంతోను, శస్త్రంతోను, అగ్నితోను పోల్చింది ఇందుకే.

మాంసకృత్తుల పొడి డబ్బాల విషయం కూడ ఆలోచించండి. నూరు గ్రాముల పెసలలో సుమారు 22 నుండి 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పెసరట్టు, సున్నుండ, నానవేసిన శనగలు, పాలు, పెరుగు ఇంట ఉండగా సాధారణ ఆరోగ్యవంతునికి డబ్బా అవసరం అరుదు. త్రిఫలచూర్ణానికి కరక్కాయ, తానికాయ, ఉసిరిక ఏ పచారీ కొట్టులోనైనా దొరుకుతాయి. అదే ద్రవ్యం అందమైన సీసాలో పది అంచెల కమీషన్ మోస్తూ వస్తే, ఆ భారం మీ చేతిసంచిదే.

అడుగవలసిన ప్రశ్నలు

బంధువు సీసా తెచ్చినప్పుడు కోపగించుకోవద్దు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, మెల్లగా ఈ ప్రశ్నలు అడగండి.

1. ఇది నేను కొంటే నీకెంత వస్తుంది? నీ పైవారికెంత వస్తుంది?

2. నన్ను చేర్చనక్కరలేకుండ, కేవలం వస్తువుగా ఒకటి అమ్ముతావా?

3. ఇది వాడి గుణం కనిపించని వారెవరైనా నీకు తెలుసా? వారేమన్నారు?

4. నేను వాడుతున్న మాత్రల చీటీ, ఈ సీసా రెండూ నా డాక్టరుకు చూపించి పదిరోజుల తరువాత చెబితే నీకు అభ్యంతరమా?

నాలుగవ ప్రశ్నకు తొందరపెట్టేవారి వద్ద ఏదీ కొనవద్దు. మాత్రలు మానుమన్నవారి వద్ద అసలే కొనవద్దు. ఇబ్బంది కలిగితే జాతీయ వినియోగదారుల సహాయకేంద్రానికి 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చు.

ఈ పత్రిక చదివేవారిలో అటువంటి వ్యాపారం చేస్తున్నవారు కూడ ఉండవచ్చు. కుటుంబం గడవడానికి నాలుగు రాళ్ళు సంపాదించుకోవాలనుకోవడంలో దోషం లేదు. మీ కమీషన్ సంగతి కొనేవారికి ముందే చెప్పండి. ఇది ఆహారమైతే ఆహారమనే అమ్మండి. మధుమేహం, రక్తపోటు, క్యాన్సరు, స్థూలకాయం మొదలైన వ్యాధులు నయమవుతాయని ప్రచారం చేయడాన్ని 1954 నాటి ఔషధ, అద్భుత చికిత్సల చట్టం నిషేధించింది. ఆ చట్టంలో ప్రకటన అంటే కాగితంమీది అచ్చు మాత్రమే కాదు, నోటితో చేసే ప్రకటన కూడ. మీ సమావేశంలో చెప్పే అనుభవకథ కూడ ఆ లెక్కలోకి రావచ్చునని గుర్తుంచుకోండి.

ఈ సీసాలలో పెక్కింటి మీద "ఆయుర్వేద", "ప్రాచీన ఋషి సంప్రదాయం" అన్న మాటలుంటాయి. సీసా విఫలమైననాడు రోగి తన మేనల్లుని తప్పు పట్టడు. ప్రేమ అడ్డువస్తుంది. "ఆయుర్వేదం పనిచేయదు" అంటాడు. తరతరాల వైద్యులు కూడబెట్టిన పేరు అలా ఖర్చవుతున్నది. కనుక వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు మీ ఇంట ఉన్న సీసాలన్నీ సంచిలో వేసుకొని వెళ్ళండి. ఎవరిచ్చారన్న మొగమాటం గడపలోనే విడిచి, ఏమి తాగుతున్నారో ఉన్నది ఉన్నట్లు చెప్పండి.